కుడి పళ్లకు నాలుగు, ఎడమ పళ్లకు మూడు

కట్టెలు కోసే మనిషికి చెడ్డపేరు తేవడానికి జానెడు ఆకురాయి చాలు. అది పట్టుకున్నవాళ్లు ఎవరికీ కనబడకుండా గోడ అవతల కూర్చుంటే మరీ తేలిక. నేను పన్నెండేళ్లు అలా గోడ అవతల కూర్చున్నాను.

అద్దంకిలో మా పెదనాన్న దానియేలు మేస్త్రికి మోటారు షెడ్డు ఉంది. మిరప, పత్తి చేలకు మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్లు బాగుచేయడం ఆయన అసలు పని. తొంభయ్యో దశకం చివర్లో చుట్టుపక్కల ఊళ్లలోకి కట్టెలు కోసే మిషను రంపాలు రావడం మొదలైంది. ఇంజను దాదాపు ఒకటే కాబట్టి అవీ మా షెడ్డుకే వచ్చాయి. ఇంజను పెదనాన్న చూసేవాడు. ఇనప పట్టీ చుట్టూ తిరిగే పళ్ల గొలుసే చెయిన్. చెయిన్‌కు పదును పెట్టేంత ఓపిక ఆయనకు లేదు. ఇంటరుతో చదువు ఆగి ఇంట్లో కూర్చున్న ఏడాది, నా పంతొమ్మిదో ఏట, ఆ పని నాకు అప్పగించాడు. ఇప్పుడు నాకు ముప్పై ఒకటి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, మణికట్టు ఇక చాలంటోంది. ఈ వయసులో విరమణ అంటే నవ్వుతారని తెలుసు. కానీ ఒక పని నేర్చుకుని, చెడగొట్టి, సరిచేసి, చేతులు కడుక్కుని లేచేదాకా వచ్చాను కాబట్టి ఆ మాట వాడుకుంటున్నాను.

ఆకురాయి ఎలా పట్టుకోవాలో ఎవరైనా ఒక పూటలో చూపిస్తారు. ఎవరూ చూపించని సంగతులు కొన్ని ఇక్కడ రాస్తాను. ఎక్కువ భాగం యేసోబు అనే కోత మనిషి గురించే ఉంటుంది. నా చేతివల్ల ఆయన పేరు పోయింది.

గోడలో కంత

షెడ్డు వెనక గది నాది. ముందు గదికీ దానికీ మధ్య గోడలో, పాత ఫ్యాను తీసేసిన చోట, ఒక కంత ఉండేది. చెయిన్ అందులోంచి లోపలికి వచ్చేది, పదునెక్కాక అందులోంచే బయటికి పోయేది. ఒకదానికొకటి కలవకుండా ప్రతి చెయిన్‌కూ ఒక అట్టముక్క కట్టేవాళ్లం. పత్తి విత్తనాల పెట్టెలు చింపిన అట్ట అది. ఒక పక్క తెల్లటి పత్తికాయ బొమ్మ, రెండో పక్క నా చేతిరాతలో మనిషి పేరు. కోత మనుషుల్లో చాలామంది ఆ పదును పెదనాన్న పెట్టిందే అనుకునేవాళ్లు. ఆయన అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు. నాకూ అదే హాయిగా ఉండేది. బయట మగవాళ్ల గొంతులు, తిట్లు, నవ్వులు. లోపల నేను, ఆకురాయి, కిరసనాయిలు గిన్నె. చెయిన్లు లేనప్పుడు లైబ్రరీ పుస్తకం.

ఏటా జనవరిలో పురుగుమందుల ఏజెంట్లు పెదనాన్నకు డైరీలు ఇచ్చేవాళ్లు. ప్రతి నెల మొదట్లో ఒక పురుగు రంగుల బొమ్మ ఉండేది. ఒక నెల పచ్చపురుగు, ఒక నెల తామరపురుగు. ఆ డైరీలన్నీ నాకు వచ్చేవి. ఏ చెయిన్ ఎవరిది, ఏ చెట్టు కోసి వచ్చింది, పన్ను ఎలా ఉంది, ఒక్కో పంటికి ఎన్నిసార్లు రుద్దాను, అన్నీ రాసేదాన్ని. రాసే అలవాటు ఉన్నవాళ్లకు రాయడానికి ఏదో ఒకటి కావాలి, అంతే.

ఆ రోజులు నాకు వాసనలుగా గుర్తున్నాయి. ఫిబ్రవరి వచ్చేసరికి కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలి తిరిగినప్పుడల్లా షెడ్డులోకి వచ్చేది. బయట ఎవరో ఒకరు తుమ్మేవాళ్లు. దాని వెనకే పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ గదుల నుంచి తియ్యటి, వెచ్చటి వాసన. ఈ రెండిటి మీద నూనె కలిపిన పెట్రోలు. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నా చెయ్యి ఆకురాయి కోసం వెతుకుతుంది.

పిడికెడు పొట్టు

కొత్తవాళ్లు పంటి పదును వేలితో తడిమి చూస్తారు. వేలికి ప్రతి పన్నూ పదునుగానే ఉంటుంది. పదును తెలియాలంటే కోత కింద రాలిందాన్ని చూడాలి. బియ్యపుగింజంత తునకలు రాలితే చెయిన్ కోస్తోందని అర్థం. పిండి రాలితే అది కోయడం లేదు, చెట్టును అరగదీస్తోంది.

ఈ సంగతి నాకు చెప్పింది పెదనాన్న కాదు, యేసోబు. అదీ నోటితో చెప్పలేదు. ఆయన చెయిన్ కంతలోకి వచ్చినప్పుడల్లా దానితోపాటు ఒక కాగితం పొట్లం వచ్చేది. విప్పితే పిడికెడు పొట్టు. మొదటిసారి ఏమిటో తెలియక పారబోశాను. రెండోసారి బయట ఆయన మాట వినబడింది.

"పొట్టు చూడు మేస్త్రీ. రోగి వచ్చేటప్పుడు పరీక్ష కాయితాలు తెచ్చుకోడా? ఇదీ అంతే."

"నీ మొహం. రంపానికి ఉచ్చ పరీక్ష చేయిస్తావేందిరా?" అన్నాడు పెదనాన్న.

ఆ రోజునుంచి పొట్టు పారబోయలేదు. తునకలు పొడుగ్గా ఉన్నాయా, పొడిగా ఉన్నాయా, కమురు వాసన వస్తోందా అని చూసి ఆ తరవాతే ఆకురాయి తీసేదాన్ని. యేసోబుకు నలభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మిషను సొంతంగా కొనుక్కున్నాడు. పని అయిపోగానే దాన్ని తుడిచి, భార్య పాతచీరలో చుట్టి, సైకిలు వెనక కట్టుకునేవాడు. చల్లబడ్డాక చెయిన్ కుంచించుకుపోయి పట్టీని బిగబట్టకుండా, చుట్టేముందే దాన్ని కాస్త వదులు చేసేవాడు. అంత జాగ్రత్త ఉన్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆయన అలవాటే నన్ను ఒకసారి కాపాడింది. ఒక వేసవిలో మార్టూరు వైపునుంచి వచ్చిన చెయిన్లన్నీ పూటలోనే మొద్దుబారి తిరిగి వచ్చేవి. మా పదును మంచిది కాదని గొడవ. నేను డైరీలు తిరగేస్తే అవన్నీ రాళ్లు పాలిష్ చేసే యూనిట్ల పక్కన పెరిగిన తుమ్మచెట్లు కోసినవే. పొట్టు తెమ్మని పెదనాన్నతో చెప్పించాను. తెచ్చింది నీళ్లలో వేస్తే అడుగున తెల్లటి రాతిపిండి తేరింది. బెరడు సందుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న పిండి అది. రంపం పెట్టే చోట ముందు గొడ్డలితో బెరడు చెక్కేయమని చెప్పాం. ఆ తరవాత గొడవ రాలేదు. "మా షెడ్డులో కనిపెట్టాం" అని పెదనాన్న ఏడాదిపాటు అందరికీ చెప్పుకున్నాడు. లోపల కూర్చుని నేనూ కాస్త గర్వపడ్డాను. నా డైరీ అబద్ధం చెప్పదని ఆ రోజు నాకు నమ్మకం కుదిరింది.

పెదనాన్న సూత్రం

పెదనాన్న మంచి మెకానిక్. ఇంజను చప్పుడు విని లోపల ఏ ముక్క అరిగిందో చెప్పేవాడు. నాకు పని ఇచ్చి, నా గదిలోకి ఎవరినీ రానివ్వకుండా చూశాడు. ఆ రుణం తీర్చలేను. కానీ ఈ రాత మొహమాటానికి రాయడం లేదు కాబట్టి ఇది కూడా చెప్పాలి. పని చేయించుకునేవాళ్ల ముందు షెడ్డు తప్పు ఒప్పుకోవడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు. చెయిన్ గురించి ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా ఆయన దగ్గర ఒకటే జవాబు.

"నేల తగిలించావు."

పదిలో ఎనిమిదిసార్లు అది నిజమే. నేలమీద పడున్న మొద్దును కోసేటప్పుడు, చివర్లో చెయిన్ మట్టిని ముట్టుకుంటే చాలు, ఒక్క క్షణంలో పళ్ల కొసలు గుండ్రమైపోతాయి. కింద ఒక కర్ర పెట్టి మొద్దును లేపుకోవాలి. లేదా మూడొంతులు కోసి, మొద్దును దొర్లించి, మిగతాది కోయాలి. ఎనిమిదిసార్లు నిజమైన మాటతో ఒక చిక్కు ఉంది. మిగతా రెండుసార్లు ఎవరూ చెయిన్ వంక చూడరు.

చింత మొద్దు

మా వైపు పొగాకు బ్యారన్లకు కట్టెల పొయ్యే. ఆకు లోపల కట్టాక నాలుగైదు రోజులు మంట ఒక పద్ధతిలో పెంచుకుంటూ పోవాలి. ఆకు పసుపు తిరిగి, ఆ రంగు నిలబడే సమయంలో వేడి పడిపోతే ఆకు మచ్చలు తేలి నల్లబడుతుంది. ఏడాది కష్టం ఆ ఒక్క పూట మీద ఉంటుంది.

అద్దంకికి దగ్గరి పల్లెలో సుబ్బయ్య గారనే పెద్దరైతు ఉండేవాడు. ఎప్పుడూ గొడ్డళ్లవాళ్లతోనే కట్టెలు కొట్టించేవాడు. ఆయన దగ్గర తిరిగి తిరిగి, ఒక సీజను తన మిషనుతో కోయిస్తే చూడమని యేసోబు ఒప్పించుకున్నాడు. ఆ పని నిలబడితే ఊళ్లో మిగతా బ్యారన్లవాళ్లూ పిలుస్తారు. ఆ సంగతి ఆయన కంత బయట నిలబడి ఎన్నిసార్లు చెప్పాడో.

"ఈ ఒక్క సీజను గట్టెక్కితే చాలు మేస్త్రీ. ఇంక నేను ఎవరింటికీ పోయి పని అడిగే పనుండదు. నీ చెయ్యి చల్లగుండ, చెయిన్ మాత్రం బాగా చూడు."

"చూస్తాలేరా. ఊరికే పొగడమాకు, టీ తాగించు."

"టీ ఏంది, కోడిని కోసి పెడతా. ఈ రంపంతోనే."

ఆయన చెయిన్‌కు మూడు నెలలపాటు వారానికి రెండుసార్లు నేనే పదును పెట్టాను. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం సుబ్బయ్య గారూ యేసోబూ కలిసి షెడ్డుకు వచ్చారు. సుబ్బయ్య గారి గొంతు వీధి చివరినుంచే వినబడింది.

"ఏం దానియేలూ! మిషను మిషనని వీడు నా చెవులు కొరికాడు. ఇయ్యాల చూడు. పొద్దున్నించి ఒక్క చింత మొద్దు కోయలేక కూర్చున్నాడు. గొడ్డళ్లోళ్లని పిలిచేసరికి పొయ్యిలో మంట దిగిపోయింది. బ్యారన్లో ఆకంతా మచ్చ తిరిగింది."

"అయ్యా, నేను సూటిగానే పట్టా" అన్నాడు యేసోబు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "అదే ఎడం పక్కకి తిరిగిపోయింది. జానెడు లోతు పోయినాక మొద్దు దాన్ని పట్టేసింది. ఎన్నిచోట్ల పెట్టినా అంతే."

"నేల తగిలించావు" అన్నాడు పెదనాన్న.

"నా బిడ్డల మీద ఒట్టు మేస్త్రీ, తగిలించలా."

"తగిలించకపోతే వంకర ఎందుకు పోద్ది? దానికేమన్నా పిచ్చా?"

"రేపట్నించి నువ్వు రామాక యేసోబూ" అన్నాడు సుబ్బయ్య గారు. "నా గొడ్డళ్లోళ్లే నాకు మేలు."

చెయిన్ కంతలోంచి లోపలికి వచ్చింది. దాంతోపాటు కాగితం పొట్లం కూడా. అంత అవమానంలోనూ ఆయన పొట్టు తేవడం మరిచిపోలేదు.

పొట్లం విప్పాను. ఒక్క మట్టిరేణువు లేదు. పళ్ల కొసలు చూశాను. నేల తగిలిన పన్ను కొస మెరుస్తుంది. ఇవి మెరవలేదు, అన్నీ పదునుగా ఉన్నాయి. అప్పుడు చీపురులోంచి ఒక పుల్ల లాగి, కుడి పంటి పొడవుకు సరిగ్గా తుంచి, దాన్ని ఎడమ పంటి మీద పెట్టాను. పుల్ల పొట్టిదైంది. ఎడమ పన్ను గోరుమందం బయటికి వచ్చింది. రెండో జత చూశాను, మూడో జత చూశాను. అన్నీ అలాగే ఉన్నాయి.

చెయిన్‌కు కుడిపక్క పళ్లూ ఎడమపక్క పళ్లూ ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. రెండు పక్కలా ఒకే పొడవు ఉంటేనే కోత సూటిగా దిగుతుంది. ఏ పక్క పొడుగైతే కోత ఆ పక్కకు లాగుతుంది. సన్న కట్టె అయితే వంకర తెలిసేలోపే తెగిపోతుంది. చింత మొద్దులో దాక్కోవడానికి చోటుండదు.

పోయినేటి డైరీ, కొత్త డైరీ రెండూ తీశాను. నవంబరు, డిసెంబరు, జనవరి. యేసోబు చెయిన్ వచ్చిన ప్రతి రోజూ నా చేతిరాతలో ఒకటే వరస. "కుడి పళ్లకు నాలుగు, ఎడమ పళ్లకు మూడు. ఎడమ వైపు మణికట్టు తిప్పాలి, నొప్పి. మూడింటికే పదును వస్తోంది." ఒక్కసారి చేస్తే కనబడని తేడా అది. మూడు నెలల్లో గోరుమందం అయింది.

పది రోజులు

ఆ సాయంత్రమే చెప్పాలి. చెప్పలేదు. చెయిన్‌ను మేకుకు తగిలించి అలాగే ఉంచాను. యేసోబు దానికోసం రాలేదు.

ఆదివారం చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే మగవాళ్లు ఆయనతో అనడం విన్నాను.

"ఏరా మట్టి యేసోబూ, ఈ వారం ఎన్ని సెంట్ల భూమి కోశావురా?"

"వాడికి దుక్కి పనివ్వండ్రా, నాగలి అక్కర్లా."

యేసోబు కూడా వాళ్లతోపాటు నవ్వాడు. ఎవరైనా నవ్వుతుంటే ముందు తానే నవ్వేసే మనిషి. అయితే నవ్వు అయిపోయాక ఎటు చూడాలో తెలియక సైకిలు గంట తుడిచాడు. పేరు అంటుకుంది. ఆ పేరున్న మనిషిని కోతకు ఎవరూ పిలవరు.

ఆ పది రోజుల డైరీలో రోజూ ఒకే మాట ఉంది. "చెప్పలేదు." ఆరో రోజు పెదనాన్నకు చెప్పాను. ఆయన పానా తిప్పడం ఆపలేదు. "ఇప్పుడు చెప్తే ఏమొస్తదమ్మా? షెడ్డు పేరు పోద్ది. వాడికి వేరే ఊళ్లో పని దొరుకుద్దిలే" అన్నాడు. ఆయన అలా అన్నందుకు నాకు బరువు తగ్గినట్టయింది. ఆ తగ్గినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

పదో రోజు పొద్దున యేసోబు గొంతు మళ్లీ వినబడింది.

"మేస్త్రీ, మిషను తెచ్చా. ఎవరన్నా అడిగితే అమ్మిపెట్టు."

కంతలోంచి చూశాను. మిషను బల్లమీద ఉంది. చుట్టిన చీర విప్పి, మడత పెట్టి, చంకలో పెట్టుకుంటున్నాడు.

మేకుమీది చెయిన్, చీపురుపుల్ల, డైరీలు తీసుకుని వెనక తలుపు తెరిచి షెడ్డు చుట్టూ తిరిగి ముందుకు వచ్చాను. ఇరవై అడుగులు ఉంటుందేమో. అన్నేళ్లలో పని వేళ నేను అటువైపు రావడం అదే మొదటిసారి.

"నేల కాదు పెదనాన్నా, నా చెయ్యి" అన్నాను.

"లోపలికి పో అమ్మా" అన్నాడు పెదనాన్న.

"ఆగు మేస్త్రీ. ఏందమ్మాయ్ నువ్వనేది?"

చెప్పడం చేతకాక చీపురుపుల్ల కుడి పంటి మీద, ఎడమ పంటి మీద పెట్టి చూపించాను. తరవాత డైరీలు ఇచ్చాను. ఆయన పెదవులు కదుపుతూ నెమ్మదిగా చదివాడు. నాలుగు, మూడు. నాలుగు, మూడు. పేజీలు తిప్పాడు. రాత ఆగిన చివరి పేజీల దగ్గర ఆగాడు.

"ఈ 'చెప్పలేదు' అంటే ఏంది?"

తప్పు తెలిసిన రోజు పేజీ తిప్పి చూపించాను.

"పది రోజులు!" అన్నాడు. "పది రోజులు నన్ను మట్టోడు మట్టోడని అంటంటే, నువ్వు గోడెనకాల కూర్చుని రాసుకుంటన్నావా?"

"తప్పయింది మామయ్యా."

"నాకు చెప్తే ఏంది లాభం? నేను నేల తగిలించలేదని నాకు తెలవదా? చెప్పాల్సిన చోట చెప్పు. రా."

పెదనాన్న అడ్డం చెప్పబోయాడు. యేసోబు ఆయన వంక చూసిన చూపుకు మాట ఆగిపోయింది. యేసోబు మిషనును మళ్లీ సైకిలుకు కట్టుకున్నాడు, నేను ఆకురాళ్లు తెచ్చుకున్నాను. పెదనాన్నే స్కూటరు తీసి, "ఎక్కు" అన్నాడు. ఆ మాటకు ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

బ్యారన్ దగ్గర

సుబ్బయ్య గారి బ్యారన్ ముందు పందిట్లో పదిహేనుమంది ఆడవాళ్లు పొగాకు ఆకును కర్రలకు కడుతున్నారు. చింత మొద్దు గొడ్డలి గాట్లతో అలాగే పడి ఉంది. సుబ్బయ్య గారు మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"మళ్లీ తీసుకొచ్చావేందిరా దాన్ని? నువ్వెవరమ్మా?"

"దానియేలు మేస్త్రి తమ్ముడి కూతుర్నండి. ఈ చెయిన్‌కు పదును పెట్టింది నేనండి. తప్పు యేసోబు మామయ్యది కాదండి, నాదండి."

ఆడవాళ్ల చేతులు ఆగాయి. సుబ్బయ్య గారు మంచం మీదినుంచి కదలలేదు.

"నీదైతే నా ఆకు రంగు మళ్లీ వచ్చుద్దా?"

"రాదండి."

యేసోబు ఎవరినీ అడక్కుండా మొద్దు కింద రెండు కర్రలు తోసి లేపాడు. అదే చెయిన్ బిగించి, అందరూ చూస్తుండగా కోత పెట్టాడు. సూటిగా మొదలైన గీత మెల్లగా ఎడమకు ఒరిగింది. సగం దాటాక రంపం మూలిగింది. కోతలో చెక్కపేళ్లు కొట్టి ఎడం చేసుకుంటూ ఎలాగో తెంపాడు. తెగిన ముఖం గంపలాగా వంపు తిరిగి ఉంది.

"ఇప్పుడు నువ్వు కానీ" అన్నాడు నాతో.

ఎడమ పళ్లు పద్దెనిమిది. అన్నిటినీ పొట్టివాటి కొలతకు దించాలి. పొడుగుదాన్ని పొట్టి చేయగలం కానీ పొట్టిదాన్ని పొడుగు చేయలేం, ఈ పనిలో ఇదొక్కటి గుర్తుంచుకోండి. నేలమీద కూర్చుని, మిషను ఒళ్లో పెట్టుకుని, పంటికోసారి పుల్లతో కొలుస్తూ రుద్దాను. ముందుకే తొయ్యాలి, వెనక్కి లాగేటప్పుడు ఆకురాయి ఎత్తాలి. పదిహేనుమంది చూస్తుంటే మొదటి పన్ను రెండుసార్లు కొలిచాను.

"ఎవరే ఆ పిల్ల? రంపానికి పళ్లు తోముతోంది?" అంది ఒకావిడ.

"తోమనియ్యవే. నీ మొగుడికి తోమేవాళ్లు లేరని కుళ్లా?" అంది ఇంకొకావిడ.

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నేనూ కాస్త తేలికపడ్డాను. పళ్లు సమమయ్యాక, ప్రతి పంటి ముందూ ఉండే చిన్న మిట్టను బల్లపరుపు ఆకురాయితో ఒక్కో రుద్దు దించాను. ఆ మిట్ట ఎత్తుగా ఉంటే పన్ను చెక్కను అందుకోదు. మరీ దించితే రంపం ఎగిరి మనిషి మీదికి వస్తుంది. మొత్తం గంటపైన పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

యేసోబు వంకర కోతకు జానెడు ఇవతల రంపం పెట్టాడు. ఈసారి మూలగలేదు. తెల్లటి తునకలు ఆయన కాళ్లమీద కుప్ప పడ్డాయి. ముక్క ధభీమని కిందపడింది. సుబ్బయ్య గారు లేచి వచ్చి, మొద్దుకు తెగిన కొత్త ముఖాన్ని అరచేత్తో పైనుంచి కిందికి నిమిరాడు. క్షమాపణ అనే మాట ఆయన నోట రాలేదు, వస్తుందని నేనూ అనుకోలేదు.

"యేసోబూ" అన్నాడు, "మిగతాది కూడా కోసెయ్. రేపు పెద్ద బ్యారన్లో ఆకు కట్టాలి, పెందరాళే రా."

పందిట్లోంచి ఎవరో అన్నారు: "ఇంక మట్టి యేసోబు అనకూడదేమో!"

"అంటే అనండి. ఎవరంటారో చూస్తా" అన్నాడు యేసోబు. ఆయన పెద్ద గొంతు తిరిగి వచ్చింది.

మేము బయల్దేరుతుంటే యేసోబు ఆ పడిన ముక్కను రెండు చేతులతో ఎత్తి తెచ్చి స్కూటరు ముందు పెట్టాడు. ఒక ముఖం సూటిగా తెగింది, ఒక ముఖం వంపు తిరిగింది.

"ఇది నీది. వంకర పక్క కిందికేసి దీని మీద కూర్చో. కూర్చుని రుద్దు."

నవ్వలేదు. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. పోవడానికి ఆ వేసవంతా పట్టింది. పొట్టు పొట్లం మళ్లీ కంతలోంచి వచ్చిన రోజు అట్టముక్క వెనక ఆయన రాత కనబడింది. "అమ్మాయికి" అని రాసి ఉంది.

గది అప్పగిస్తూ

ఇప్పుడు షెడ్డులో పదును పెట్టే కరెంటు మిషను వచ్చింది. అది రెండు పక్కలా ఒకేలా అరగదీస్తుంది, దానికి మణికట్టు నొప్పి లేదు. తొందరపడితే మాత్రం పన్ను కాలి నీలం రంగుకు తిరుగుతుంది. నీలం తిరిగిన పన్ను ఇక పదును నిలుపుకోదు. ఒక పంటి దగ్గర ఒక క్షణం మించి ఆపకండి. నేను వచ్చే నెలనుంచి స్కూల్లో పుస్తకాల గది చూసుకోబోతున్నాను. అక్కడ వంకరలు కనిపెట్టడం ఇంత తేలిక కాదేమో.

డైరీలు నాతో తీసుకెళుతున్నాను. చీపురుపుల్ల ఎవరికి వాళ్లు తుంచుకోవాలి. కంత మూయించమని పెదనాన్నను అడగబోయి ఊరుకున్నాను. వెనక తలుపు గడియ మాత్రం నూనె వేసి ఉంచాను, సులువుగా వస్తుంది.

ఆ చింత ముక్క గదిలోనే ఉంది. దానిమీద కూర్చుంటే ఊగుతుంది. ఒంటి బరువు ఏ పక్కకు వేసి రుద్దుతున్నామో వెంటనే ఆ పక్కకు ఒరుగుతుంది. తొమ్మిదేళ్లు దానిమీదే కూర్చున్నాను. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటిరోజు చిరాకుగా ఉంటుంది, కింద ఏదైనా చెక్కపేడు పెట్టి సరిచేద్దామనిపిస్తుంది.

దయచేసి పెట్టకండి.